ఓడ చేజిక్కిన తరువాత

ఉద్యోగ జీవితమంతా సరుకు ఓడల ఇంజన్ గదుల్లో గడిపి, ఇప్పుడు విశాఖపట్నంలో విశ్రాంతిగా ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి మూడేళ్ళుగా ఒక చారిత్రక నవల రాస్తున్నాడు. 1766లో మడగాస్కర్ నుంచి కేప్‌టౌన్‌కు బానిసలను తీసుకుపోతుండగా తిరుగుబాటు జరిగిన డచ్చి కంపెనీ ఓడ ‘మీర్మిన్’ కథ అది. రాతప్రతి మొదటి సగం నాకు పంపి, మొహమాటపడకుండా అభిప్రాయం చెప్పమన్నాడు. ‘గొంతు లేనివారికి గొంతునివ్వడమే ఈ నవల లక్ష్యం’ అని ముందుమాటలో ఉంది. పదకొండో అధ్యాయంలో తిరుగుబాటు నాయకుడు మస్సవానా, నెత్తుటితో తడిసిన డెక్కు మీద నిలబడి, తోటివారిని ఉద్దేశించి ఆరు పేజీల ప్రసంగం చేస్తాడు. ప్రసంగం బాగుంది, మన సాహిత్య సభల్లో ఎక్కడ చదివినా చప్పట్లు పడతాయి. నాకు ఇబ్బంది మొదలైంది కూడా అక్కడే, ఎందుకంటే మూడో పేజీకి వచ్చేసరికి మాట్లాడుతున్నది మస్సవానా కాదని, స్వాతంత్ర్యోద్యమ చరిత్రనూ విప్లవ కవిత్వాన్నీ చదువుకుని పెరిగిన మా అన్నయ్యేనని తెలిసిపోయింది.

ఆ సంగతి అతనితో అన్నాను. ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ఇక్కడ రాస్తున్నదానిలో కొంత ఆ రోజు అతనితో అన్నది, ఎక్కువ భాగం అతని మాటలు విన్నాక తీరిగ్గా తోచినది.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. బానిస ఓడల తిరుగుబాట్ల మీద వచ్చే కల్పన సాధారణంగా తన శక్తినంతా రెండు చోట్ల ధారపోస్తుంది: సంకెళ్ళు తెంచుకున్న ఒక్క రాత్రి మీద, లేదా ఆ తరువాత నడిచిన కోర్టు విచారణ మీద. ఆ రెంటికీ నడుమ ఓడ తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న రోజులు మాత్రం, పాత్రలను ఒక ఘట్టం నుంచి మరో ఘట్టానికి చేర్చే దారిఖర్చులా నాలుగు పేజీల్లో అయిపోతాయి. అసలు నవల ఆ రోజుల్లోనే ఉందని నేననుకుంటున్నాను. ఓడ చేతికి వచ్చింది, ఎటు పోవాలో మనసుకు తెలుసు, కానీ అటు పోయే విద్య మాత్రం ఓడిపోయినవాడి దగ్గరే ఉంది. మనుషులు ఆ స్థితిలో రోజులూ వారాలూ ఎలా గడిపారన్నది చరిత్రకారుడి కంటే నవలాకారుడే చెప్పగలిగిన విషయం, అయినా ఎక్కువగా దాటవేసేది నవలాకారుడే.

ఈటెలు తుడవమన్న రోజు

మీర్మిన్ కథను ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోలేను, నా వాదన దాని వివరాల్లోనే ఉంది కాబట్టి. 1766 జనవరిలో ఆ ఓడ మడగాస్కర్ తీరం వదిలినప్పుడు అందులో దాదాపు 140 మంది మలగాసీలు ఉన్నారు. కేప్‌లో కంపెనీ చాకిరీ కోసం కొన్న మనుషులు వాళ్ళు. ఓడ అడుగున కిక్కిరిసి ఉంటే జబ్బులు ప్రబలి సరుకు నష్టమవుతుందన్న లెక్కతో, కొందరి సంకెళ్ళు విప్పి డెక్కు మీదికి రానిచ్చి పనులు చెప్పడం మొదలుపెట్టారు. కెప్టెన్ ముల్లర్ అప్పటికి జబ్బుపడి ఉన్నాడు. బేరసారాలు చూసే పెద్ద గుమాస్తా క్రౌజాకు ఫిబ్రవరిలో ఒక రోజు మడగాస్కర్‌లో సేకరించిన ఈటెలు గుర్తుకొచ్చాయి. వాటిని తుడిచి శుభ్రం చేసే పనిని ఎవరికి అప్పగించాడంటే, ఆ ఈటెలను చిన్నప్పటి నుంచీ పట్టిన చేతులకే అప్పగించాడు.

క్రౌజాతో సహా ఓడ సిబ్బందిలో దాదాపు సగం మంది ఆ తిరుగుబాటులో చనిపోయారు. గాయపడిన కెప్టెనూ మిగిలినవారూ ఓడ వెనుక భాగంలో దూరి తలుపులు బిగించుకున్నారు. ఇక అక్కడి నుంచి రెండు పక్షాలకూ ఒకే చిక్కు. పైనున్నవారికి ఓడ నడపడం రాదు, లోపలున్నవారికి బయటికి వచ్చే దారి లేదు. చివరకు ఒడంబడిక కుదిరింది: ప్రాణాలు తీయం, మమ్మల్ని మడగాస్కర్ చేర్చండి. సరేనని నావికులు చుక్కాని పట్టి ఓడను ఆఫ్రికా దక్షిణ కొన అగుల్హాస్ అగ్రం వైపు మళ్ళించారు. స్ట్రూయిస్‌బాయ్ అనే చోట నేల కనపడగానే, ఇదే మీ దేశమన్నారు.

మలగాసీలు మరీ అమాయకంగా నమ్మలేదు. యాభై మందికి పైగా ముందు పడవల్లో ఒడ్డుకు వెళ్ళి, అది తమ నేలే అయితే మంటలు వేసి గుర్తు చూపాలని, ఆ తరువాతే మిగిలినవారు దిగాలని అనుకున్నారు. ఒడ్డుకు వెళ్ళినవారిని అక్కడి తెల్ల రైతులు చుట్టుముట్టారు. కొందరు చనిపోయారు, మిగిలినవారు పట్టుబడ్డారు. మంటలు లేవలేదు. ఓడ లంగరు మీద రోజుల తరబడి ఎదురుచూసింది. అప్పుడు నావికులు ఉత్తరాలు రాసి, సీసాల్లో పెట్టి, రహస్యంగా అలల మీద వదిలారు. ఒడ్డున మంటలు వేయండి, వీళ్ళు నమ్ముతారు అన్నది ఆ ఉత్తరాల సారాంశం. సీసాలు ఒడ్డుకు చేరాయి, చేరవలసినవారి చేతికే చిక్కాయి, మంటలు లేచాయి. ఓడ మీద ఉన్న మలగాసీలు ఆ వెలుగు చూసి లంగరు తాడు తెంచేశారు. ఓడ వచ్చి ఇసుకమేటలో కూరుకుపోయింది. ఒడ్డున ఎదురుగా ఉన్నది తుపాకులు పట్టుకున్న రైతులని అప్పుడు తెలిసింది.

ఆ లంగరు తాడు తెంచిన చేతుల గురించి ఎంత ఆలోచించినా నాకు తనివితీరలేదు. ఆ క్షణంలో వాళ్ళు సంతోషించి ఉంటారు కదా. తల్లులు పిల్లలను ఎత్తి అదిగో మన ఊరి మంట అని చూపించి ఉంటారు. అన్నయ్య రాతప్రతిలో ఈ ఘట్టం ఒకటిన్నర పేజీ. ప్రసంగం ఆరు పేజీలు.

తెలుగులో ‘దిక్కు’ అన్న మాటకు తూర్పు పడమరలన్న అర్థమూ ఉంది, ఆదుకునే ఆధారమన్న అర్థమూ ఉంది. దిక్కులేనివాడు, దిక్కుతోచని స్థితి, నాకెవరు దిక్కు అని నిత్యం అనుకునే మాటల్లో ఆ రెండు అర్థాలూ ఎప్పుడో కలిసిపోయాయి. మీర్మిన్ మీద మాత్రం అవి మళ్ళీ విడిపోయి ఎదురెదురుగా నిలిచాయి. వాళ్ళకు దిక్కు అయినవారు ఆ గదిలో దాక్కున్న నావికులే, వాళ్ళకు దిక్కు తప్పించినవారూ వాళ్ళే.

పగలు వాళ్ళది, రాత్రి మాంటెస్‌ది

ఇలా అంటే అన్నయ్య ఒప్పుకోలేదు. ‘తిరగబడినవాళ్ళ కథను చెప్పమంటే మోసపోయినవాళ్ళ కథ చెప్పమంటున్నావు నువ్వు. అజ్ఞానం మీద నవల రాస్తే, వాళ్ళను కొన్నవాడు అన్న మాటనే మనమూ అన్నట్టు కాదా?’ అన్నాడు. ఇది నేను తేలిగ్గా తీసుకోగలిగిన ఆక్షేపణ కాదు. ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

మొదట, ఇది అజ్ఞానం కాదు. మలగాసీ భాషకు అతి దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో లేవు, బోర్నియో దీవిలో ఉన్నాయి. ఎన్నో శతాబ్దాల కిందట, డచ్చివారికి హిందూ మహాసముద్రం ఉందని కూడా తెలియని రోజుల్లో, ఆ సముద్రాన్ని అడ్డంగా దాటివచ్చిన మనుషుల వారసులు వాళ్ళు. సముద్రవిద్య రాని జాతి కాదు వాళ్ళది. అయితే పశువులు కాచుకునే మనిషినీ పొలం దున్నుకునే మనిషినీ పట్టి తెచ్చి మూడు తెరచాపల కొయ్యల ఓడ మీద నిలబెడితే తాతల విద్య అక్కరకు రాదు. గోదావరి లంకలో పుట్టినంత మాత్రాన నేను పడవ నడపగలనా?

రెండోది, 1839 నాటి అమిస్టాడ్ సంగతి చూస్తే దిక్కు తెలియడమూ తెలియకపోవడమూ అన్న గీత ఎంత సన్ననిదో అర్థమవుతుంది. ఆ ఏడాది జూన్ చివర హవానా నుంచి క్యూబాలోని మరో రేవుకు బయలుదేరిన చిన్న ఓడలో 53 మంది ఆఫ్రికన్లు ఉన్నారు, నలుగురు పిల్లలతో కలిపి. సియెర్రా లియోన్ ప్రాంతపు మెండే మనుషులు ఎక్కువమంది. స్పెయిన్ అప్పటికే ఆఫ్రికా నుంచి బానిసలను తేవడాన్ని ఒప్పందం ద్వారా నిషేధించింది కాబట్టి, వీళ్ళు క్యూబాలోనే ఎప్పటి నుంచో ఉన్న బానిసలని చూపే దొంగ కాగితాల్లో స్పానిష్ పేర్లు పెట్టారు. ఓడలో వంటవాడు సెలెస్టినో, మిమ్మల్ని నరికి ఉప్పువేసి తింటారని సైగలతో పరిహాసమాడాడు. ఆ పరిహాసమే తిరుగుబాటుకు నిప్పయింది. చెరకు నరికే కత్తులు అదే ఓడలో సరుకుగా ఉన్నాయి. సెంగ్బే పియే నాయకత్వంలో వంటవాడినీ కెప్టెన్ ఫెర్రర్‌నూ చంపి, రూయిస్, మాంటెస్ అనే ఇద్దరు స్పానిష్ యజమానులను ప్రాణాలతో ఉంచారు. మాంటెస్‌కు ఓడ నడపడం తెలుసు.

సెంగ్బేకు దిక్కు తెలియదా? తెలుసు. తమ దేశం నుంచి వచ్చేటప్పుడు ఓడ సూర్యుడు అస్తమించే వైపు సాగింది, కనుక ఇప్పుడు ఉదయించే వైపు పోవాలి. అంతకంటే తిన్నని తర్కం ఏ నౌకాశాస్త్రంలోనూ లేదు. పగలంతా మాంటెస్ మీద కత్తి పెట్టి తూర్పుకే నడిపించారు. చీకటి పడ్డాక మాంటెస్ ఓడను ఉత్తరానికీ పడమరకూ తిప్పేవాడు. ఇలా దాదాపు ఎనిమిది వారాలు గడిచాయి. దాహంతోనూ జబ్బులతోనూ కొందరు చనిపోయారు. ఆగస్టు చివర న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ తీరాన మంచినీళ్ళ కోసం దిగినప్పుడు అమెరికా నౌకాదళపు ఓడ వాళ్ళను పట్టుకుంది.

అక్కడి నుంచి అందరికీ తెలిసిన కథ. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ వాదన, 1841 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు, బతికి ఉన్న 35 మంది చందాల డబ్బుతో 1842 జనవరికి సియెర్రా లియోన్ చేరడం. కోర్టు కథ రాయడం సులువు, ఎందుకంటే కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. పైగా వినేవారికి అందులో ఒక సుఖం ఉంది: న్యాయం తెలిసిన తెల్లవారొకరు లేచి మాట్లాడితే అంతా చక్కబడుతుంది. ఆ ఎనిమిది వారాల్లో సుఖం లేదు. పగలు సూర్యుణ్ణి చూసుకుని నడిచాం, ఇంకా ఎందుకు రాలేదని పిల్లలు అడిగితే ఏం చెప్పారు? రాత్రి ఓడ తిరుగుతోందన్న అనుమానం ఎవరికి ముందు వచ్చింది? వచ్చినవాడు పైకి అన్నాడా, అంటే ఉన్న కాస్త ధైర్యం పోతుందని మింగేశాడా? ఎవరైనా నిద్రపోకుండా నక్షత్రాలు చూస్తూ కూర్చున్నారా? తీర్పు ప్రతుల్లో దొరకని ఈ ప్రశ్నల కోసమే కదా మనం కల్పన దగ్గరికి వెళ్ళేది.

అన్నయ్య దీనికి తన అనుభవం ఒకటి చెప్పాడు. ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవారికి ఓడ వేగం తెలుస్తుంది, చమురు ఖర్చు తెలుస్తుంది, దిక్కు మాత్రం తెలియదట. ఒకసారి తుఫాను తప్పించుకోవడానికి పైవాళ్ళు దారి మార్చితే, ఆ సంగతి కింద ఉన్న తమకు రెండు రోజుల తరువాత భోజనాల గదిలో మాటల మధ్య తెలిసిందట. ‘కోపం రాలేదు, సిగ్గేసింది. రెండు రోజులు నేను నడిపిన ఇంజనే నన్ను ఎక్కడికి తీసుకుపోతోందో తెలియకుండా నడిపాను’ అన్నాడు. ముప్పై ఏళ్ళ నౌకోద్యోగంలో అతని దగ్గర నేను విన్న మంచి వాక్యం ఇదే. నవలలో మాత్రం ఇది లేదు. పక్కన ఇంత సొంత సొత్తు పెట్టుకుని ప్రసంగాలు అరువు తెచ్చుకోవడమేమిటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

పలక మీద చెరిపించిన మాటలు

అమిస్టాడ్ తరువాత రెండేళ్ళకు, 1841 నవంబరులో, అమెరికాలోనే ఒక రేవు నుంచి మరో రేవుకు, వర్జీనియా నుంచి న్యూ ఆర్లియన్స్‌కు, 130 మందికి పైగా బానిసలను తీసుకుపోతున్న క్రియోల్ అనే ఓడ మీద మాడిసన్ వాషింగ్టన్ నాయకత్వాన 19 మంది తిరగబడ్డారు. మొదట లైబీరియాకు పోదామనుకుని, అంత దూరానికి నీళ్ళూ తిండీ చాలవని తెలిసి, బ్రిటిష్ పాలనలోని బహామా దీవులకు నడిపించారు. ఏడాది కిందటే అలాంటి ఒక ఓడలోని బానిసలకు అక్కడ విడుదల దొరికిందని వాళ్ళలో తెలిసినవారు ఉన్నారు. నసావు రేవుకు చేరారు. అక్కడ బానిసత్వం చట్టరీత్యా రద్దయి ఉంది. వాళ్ళు గెలిచారు.

ఎందుకు గెలిచారన్నదానికి ఈ కథలో ఒక చిన్న వివరం ఉంది. దారి లెక్క కట్టే తెల్లవాడు పలక మీద మాటలు ఏవైనా రాస్తే, తమకు చదవడం రాదు కాబట్టి తోటి తెల్లవారికి రహస్యం చేరవేస్తాడేమోనని, ఆ మాటలు చెరిపించి అంకెలూ గుర్తులూ మాత్రమే రాయనిచ్చారు. అక్షరం చదవలేనివారు అక్షరాన్ని కాపలా కాశారు. మీర్మిన్ మీద సీసాలోకి పోయిన ఉత్తరాన్ని ఎవరూ కాపలా కాయలేదు. క్రియోల్ మనుషులు తమను కొన్నవారి భాష మాట్లాడుతూ, వారి కాగితాల మధ్య పెరిగినవారు, రాత ఎంత పని చేయగలదో చూసినవారు. మడగాస్కర్ నుంచి వచ్చి రెండు నెలలు తిరగనివారికి ఆ అనుమానం ఎలా వస్తుంది? రెండు తిరుగుబాట్ల మధ్య తేడా శౌర్యంలో లేదు. అందుకే శౌర్యం గురించి ఆరు పేజీలు రాసినప్పుడు కథ మొత్తం తప్పు చోట బరువు మోపినట్టవుతుంది.

అయితే ఇక్కడ నా వాదనలో ఒక లొసుగు ఉంది, దాన్ని దాచడం బాగుండదు. నేను ఎంచుకున్నవి ఓడ చేజిక్కిన అరుదైన ఉదంతాలు. అట్లాంటిక్ మీద నమోదైన దాదాపు 36,000 బానిస ప్రయాణాలను లెక్కించిన చరిత్రకారులు, పదింట ఒక ఓడ మీద ఏదో ఒక తిరుగుబాటు జరిగి ఉంటుందని అంచనా వేశారు. వాటిలో ఎక్కువ భాగం డెక్కు మీది అడ్డుగోడ దగ్గరే, తుపాకుల ముందు, కొన్ని గంటల్లో అణగిపోయాయి. ఆ మనుషులకు దిక్కు గురించి ఆలోచించే తరువాతి రోజు రాలేదు. వాళ్ళ కథ రాయాలంటే ఆ ఒక్క రాత్రే రాయాలి, మరో మార్గం లేదు. కాబట్టి నా మాట అన్ని ఓడలకూ వర్తించదు. ఓడ నిజంగా చేతికి వచ్చిన కథను ఎంచుకుని, ఆ తరువాతి రోజులను వదిలేసే రచయితకే వర్తిస్తుంది.

గొంతు ఎవరికి లేదు?

ఇప్పుడు ముందుమాటలోని ఆ వాక్యం సంగతి. గొంతు లేనివారికి గొంతునివ్వడమన్న మాటను ఈమధ్య పుస్తకావిష్కరణ సభల్లో వినని వారముండదు. వినగానే తలూపుతాం, నేనూ ఊపాను. కానీ ఈ ఓడల కథలు చదివాక ఆ వాక్యంలోని ‘లేనివారు’ అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను.

అమిస్టాడ్ పిల్లల్లో కాలే అనేవాడికి పదకొండేళ్ళు ఉంటాయేమో. చెరలో ఉండగా నేర్చుకున్న కొద్దిపాటి ఇంగ్లీషుతో 1841 జనవరిలో ఆడమ్స్‌కు ఉత్తరం రాశాడు. మాకు మీ భాష రాదు కాబట్టి మెండేవాళ్ళు మొద్దులని కొందరంటున్నారు, అమెరికావాళ్ళకు మెండే భాష రాదు కదా, మరి వాళ్ళూ మొద్దులేనా అని అందులో అడిగాడు. ఈ పిల్లవాడికి గొంతు ఇవ్వగల రచయిత ఎవరు? ఇవ్వనక్కరలేదు, ఆ ఉత్తరం పక్కన నిలబడగలిగిన వాక్యం ఒకటి రాయగలిగితే చాలు.

మస్సవానా మాట కూడా పూర్తిగా పోలేదు. విచారణలో అతను చెప్పింది దుబాసీ నోటి మీదుగా డచ్చి భాషలోకి మారి గుమాస్తా రాతలో మిగిలింది. ఓడను వశపరచుకుని తమ దేశానికి తిరిగి పోవాలనుకున్నారన్నది అందులోని సారం. స్వేచ్ఛ, సమానత్వం, మానవ హక్కులు అన్న మాటలు అందులో లేవు. ఉన్నది ఇల్లు. అన్నయ్య ప్రసంగంలో ‘స్వేచ్ఛ’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు గానీ, ‘ఇంటికి’ అన్న మాట ఒక్కసారే వచ్చింది. నాకు అది తలకిందులుగా తోచింది. ఇంటికి పోవాలన్న కోరిక స్వేచ్ఛ కంటే చిన్నదని మనం ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టాం?

మరి పాత్ర లోపలికి వెళ్ళడమే మానెయ్యాలా అని అడగవచ్చు. ఆ దారిలో నడిచిన పెద్దవాళ్ళు ఉన్నారు. బానిసత్వం నుంచి స్వయంగా పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, క్రియోల్ ఉదంతం మీద 1853లో అచ్చయిన తన ఏకైక కల్పనలో, తిరుగుబాటు ఘట్టాన్ని మాడిసన్ వాషింగ్టన్ చేత చెప్పించలేదు. రిచ్‌మండ్‌లో నావికులు చేరే ఒక కాఫీ హోటల్లో, ఆ ఓడ మీద కెప్టెన్ కింద అధికారిగా పనిచేసిన తెల్ల మేటు చేత, తోటి నావికుల ఎగతాళికి జవాబుగా చెప్పించాడు. మిగతా భాగాల్లో వాషింగ్టన్ అనర్గళంగా మాట్లాడతాడు, అసలు రాత్రి వచ్చేసరికి మాత్రం రచయిత పక్కకు జరిగాడు. ఆ తరువాత రెండేళ్ళకు అమెరికన్ నవలాకారుడు హెర్మన్ మెల్విల్, చిలీ తీరాన 1805లో నిజంగా జరిగిన మరో ఓడ తిరుగుబాటును తీసుకుని రాసిన పెద్దకథలో, తిరుగుబాటు సూత్రధారి బాబో పట్టుబడిన క్షణం నుంచి ఉరి వరకూ ఒక్క మాట మాట్లాడడు.

ఈ రెండూ నాకు ఇష్టమైనవే అయినా రెంటితోనూ నాకు పేచీ ఉంది. మెల్విల్ కథలో ఓడ చేజిక్కిన తరువాతి రోజులే ఇతివృత్తం. ఆఫ్రికన్లు సెనెగల్‌కు తీసుకుపొమ్మని కెప్టెన్‌ను బలవంతపెట్టి, పరాయి ఓడ ఎదురుకాగానే ఇంకా బానిసలమేనన్నట్టు ఒక రోజంతా నటిస్తారు. అంతకంటే గొప్ప ఘట్టం ఎక్కడ దొరుకుతుంది? కానీ దాన్ని మనం చూసేది ఏమీ అర్థం కాని అమెరికన్ కెప్టెన్ కళ్ళతో. ఆ నటన లోపలి నుంచి ఎలా ఉంటుందో, ఉదయం గొలుసులు మళ్ళీ తొడుక్కున్నవాడికి, ఇవి ఉత్తుత్తి గొలుసులని తెలిసినా, చర్మానికి ఆ ఇనుము ఎలా తగిలిందో ఆయన చెప్పలేదు. మౌనం గౌరవమూ కావచ్చు, తప్పుకోవడమూ కావచ్చు. రచయితకు తెలియనిది తెలిసినట్టు రాయకూడదన్న నా నియమం, తెలుసుకునే ప్రయత్నమే మానేసే సాకుగా మారితే అన్నయ్య ఆరు పేజీలే నయం.

నాకు తోచిన మార్గం ఇంత పెద్ద మాటలు మోయదు. దుబాసీని కథలోంచి తీసేయవద్దు, అంతే. అమిస్టాడ్ మనుషుల భాష ఎవరికీ తెలియనప్పుడు యేల్ కళాశాల ఆచార్యుడు గిబ్స్ వాళ్ళకు వేళ్ళు చూపించి ఒకటి నుంచి పది వరకూ అంకెలు నేర్చుకుని, న్యూయార్క్ రేవుల్లో నల్ల నావికుల మధ్య ఆ పది అంకెలనూ పైకి వల్లిస్తూ తిరిగాడు. బజార్డ్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో పనిచేస్తున్న జేమ్స్ కోవీ వాటిని గుర్తుపట్టాడు. అతనూ చిన్నప్పుడు బానిస ఓడ ఎక్కించబడి, దారిలో విడిపించబడినవాడే. పరాయి రేవులో ఒక తెల్ల ఆచార్యుడి నోట తన పల్లె అంకెలు విని కోవీ ఏమనుకున్నాడో ఊహించడానికి నవలాకారుడికి పూర్తి హక్కు ఉంది. ఎందుకంటే అక్కడ ఊహకు కాలు మోపేందుకు ఒక నిజమైన వస్తువు ఉంది: పది అంకెలు, ఒక ఉచ్చారణ, రేవులో రొద.

భీమిలి సమాధులు

తెలుగువాడు మడగాస్కర్ మనిషి కథ రాయడమేమిటని అన్నయ్యను కొందరు అడిగారట. నేను ఆ ప్రశ్న అడగను. కిందటిసారి విశాఖ వెళ్ళినప్పుడు నన్ను భీమిలిలోని డచ్చి సమాధుల దగ్గరికి తీసుకుపోయాడు. 17, 18 శతాబ్దాల నాటి రాళ్ళు. మీద నిండా అక్షరాలు, మా ఇద్దరికీ ఒక్క ముక్క తెలియదు. ఆ కంపెనీయే కోరమాండల్ తీరంలో పులికాట్ మొదలైన రేవుల నుంచి, కరువు వచ్చిన ఏళ్ళలో, అమ్ముడుపోయిన మనుషులను బటావియాకూ (ఇప్పటి జకార్తా) సింహళానికీ ఎగుమతి చేసింది. కేప్ రికార్డుల్లో బానిసల పేర్ల చివర ఊరి పేరు ఉంటుంది: ఫలానా వాన్ బెంగాల్, ఫలానా వాన్ మడగాస్కర్, ఫలానా వాన్ కోరమాండల్. మీర్మిన్ నుంచి ప్రాణాలతో కేప్ చేరిన 112 మంది చేరింది ఆ పేర్ల మధ్యకే. కాబట్టి అన్నయ్యకు ఈ కథతో సంబంధం లేదనలేం. అయితే సంబంధం ఉందన్నంత మాత్రాన మస్సవానా నోట మన ఉపన్యాసం పెట్టే అధికారం రాదు. కోరమాండల్ అన్న తోక తప్ప మరేమీ మిగలని మన మనిషి నోట ఇంకెవరైనా వాళ్ళ ఉపన్యాసం పెడితే మనకెలా ఉంటుంది?

మస్సవానాను, కోయెసాయ్ అనే మరొకరిని రోబెన్ దీవికి పంపారు. మస్సవానా అక్కడే 1769 డిసెంబరులో చనిపోయాడు. కోయెసాయ్ ఆ తరువాత మరో 20 ఏళ్ళు బతికాడు. రోబెన్ దీవి నుంచి చూస్తే కేప్‌టౌన్, దాని వెనుక బల్లపరుపు కొండ కనపడతాయి. కోయెసాయ్‌కు ఈసారి దిక్కు బాగా తెలిసే ఉంటుంది. కెప్టెన్ ముల్లర్ ఉద్యోగం పోయింది, అది న్యాయమా అన్యాయమా అన్నది వాళ్ళ కంపెనీ గొడవ.

అన్నయ్యతో వాదనలో నేను ఓడిపోయిన చోటు కూడా రాయాలి. స్ట్రూయిస్‌బాయ్ మంటల ఘట్టం గురించి మాట్లాడుతూ, అది స్వేచ్ఛ కాదు, స్వేచ్ఛ అన్న భ్రమ అన్నాను. అతను ఒక్కసారిగా గొంతు పెంచాడు. ‘భ్రమ ఎలా అవుతుందిరా? కొన్ని వారాలు వాళ్ళను పనిచెయ్యమన్నవాడు లేడు, కొట్టినవాడు లేడు, పెళ్ళాం పిల్లలతో డెక్కు మీద ఎండలో కూర్చున్నారు. చివర పట్టుబడ్డారు కాబట్టి అదంతా అబద్ధమా? అలా అయితే చచ్చిపోతాం కాబట్టి బతికిందంతా అబద్ధమే’ అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. ఆ రోజులే నవలకు కేంద్రమని వాదిస్తూ, ఆ రోజులను చివరి ఓటమి వైపు నుంచి మాత్రమే చూసింది నేనే. నావికుల మోసం ఆ రోజుల్లో ఒక పొర. ఎండలో కూర్చున్న మనుషులు మరో పొర. రెండోదాన్ని అన్నయ్య నా కంటే ముందే చూశాడు, ప్రసంగం అడ్డుపడకపోతే రాసి ఉండేవాడు.

పోయిన వారం అతని దగ్గర నుంచి తిరగరాసిన అధ్యాయం వచ్చింది. ప్రసంగం పోయింది. దాని స్థానంలో ఒక రాత్రి ఉంది. మస్సవానా ఒక పిల్లవాడిని ఒడిలో పడుకోబెట్టుకుని, చుక్కాని దగ్గర నిలబడిన డచ్చి కుర్రవాడిని చూస్తూ కూర్చుంటాడు. కుర్రవాడు పదే పదే పైకి చూస్తున్నాడు. వాడు ఏ చుక్కను చూస్తున్నాడో పట్టుకుంటే చాలని మస్సవానా కూడా అటే చూస్తాడు. ఆ చుక్కలకు ఏం పేర్లు పెట్టాలన్న దగ్గర అన్నయ్య ఆగిపోయాడు. డచ్చి పేర్లు కుర్రవాడివి, మస్సవానావి కావు. మలగాసీ పేర్లు ఇంకా వెతుకుతున్నాడు. పోనీ గొల్లకావడి, పిల్లలకోడి అని రాసేద్దామా, ఫిబ్రవరిలో అక్కడా కనపడేవే కదా అన్నాడు. వద్దన్నాను. సరేనన్నాడు గానీ, ఒప్పుకున్నట్టు లేదు. రాతప్రతిలో ఆ చోట ప్రస్తుతానికి ఒక గీత గీసి ఉంది.